తువ్వాలు కింద వేళ్ళు

పొదిలి సంతలో మా తాత మాలకొండయ్య
నోరు విప్పకుండా ఎద్దుల బేరం కుదిర్చేవాడు.
భుజం మీది తువ్వాలు తీసి కొనేవాడి చేతి మీద కప్పి
కింద వేళ్ళు పట్టుకునేవాడు.
చూపుడువేలు నొక్కితే వెయ్యి,
నడిమివేలు సగానికి మడిస్తే అయిదొందలు,
అరచేతిలో గోటితో గీత గీస్తే
ఇంక చాలు, పోనీ, అని.

చుట్టూ సంతంతా నిలబడే ఉండేది.
ఎద్దు కనపడేది. మూపురం కనపడేది.
పళ్ళు లెక్కపెట్టుకోవచ్చు, సుడులు చూసుకోవచ్చు,
పగ్గం చేతులు మారడం పిల్లలు కూడా చూసేవాళ్ళు.
ధర మాత్రం ఇద్దరిది.

ఇవాళ ఒంగోల్లో, కలెక్టరాఫీసు మేడ మీద,
ఫ్యాను తిరగని హాల్లో
ముసాయిదా మీద అభిప్రాయ సేకరణ.
నా వంతు పదిహేడు. మూడు నిమిషాలు.
నలభై రెండో పేజీలో రాశారు సార్,
సొంత వాలెట్లో క్రిప్టో ఉంచుకునే ప్రతివాళ్ళూ
పేరు, ఫోను, ముఖం అప్పజెప్పాలని,
డబ్బు నడిచిన దారి కనపడకుండా చేసే ప్రోగ్రాము
రాసినా నేరమేనని.

అంటే తువ్వాలు నేరం.

సింగరాయకొండ కుర్రాడు ప్రసన్నాంజనేయులు
అలాంటిదే ఒకటి రాశాడు. రాసి ఊరికే పంచిపెట్టాడు.
లాప్‌టాప్ పట్టుకుపోయి ఎనిమిది నెలలు.
తాత కథ చెప్పి ధైర్యం చెప్పబోతే
వాళ్ళమ్మ నన్నే అడిగింది:
"దాని కింద ఎవడో దొంగెద్దుని బేరమాడితే
మగ్గం మీద కూర్చున్నోడి వేళ్ళు ఇరగ్గొడతారా అమ్మాయ్?"

గొలుసు ఖాతా అందరికీ తెరిచే ఉందిగా,
దాచుకునేదేముంది అన్నారు నా ముందు మాట్లాడినాయన.
అద్దంకిలో రాతి శాసనం ఉందండీ,
గెలుపులూ దానాలూ, ఇష్టపడి చెక్కించుకున్నవి.
ఇదీ రాయే. చెరిపితే పోదు.
దీని మీద
చీమకుర్తి క్వారీలో రాయి కోసే సుబ్బరాయుడు
సంఘానికి పంపిన రెండొందలు చెక్కి ఉంది.
మర్నాడు పొద్దున్నే మేస్త్రీ, పని లేదు పొమ్మన్నాడు.
ఎట్లా తెలిసిందని కూడా అడగలేదు వాడు.
నల్లరాయి లోపలి మెరుపులు చూసీ చూసీ
అన్నీ కనపడటమే లోకమనుకున్నట్టున్నాడు.

రెండు నిమిషాలయ్యాయి.
కాగితం మీద రాసుకురానిది ఒకటి చెప్తాను.

కాశింబీ ఎద్దుని అమ్మిపెట్టిందీ తాతే.
మొగుడు పోయిన నెల.
ఆడమనిషి వేళ్ళు పట్టుకోవడం మర్యాద కాదని
కొనేవాడి వేళ్ళు మాత్రమే పట్టుకున్నాడు.
తువ్వాలు కింద పదకొండు వేలు.
ఆమెకు చెప్పింది తొమ్మిది.
పోయేముందు మంచంలో
మాట పడిపోయాక నాకు చెప్పాడు,
రెండు వేళ్ళెత్తి, ఆమె ఇంటివైపు చూపించి.

కాబట్టి తువ్వాలు పవిత్రమని నేననను.
కానీ ఆ రోజు కాశింబీకి కావలసింది
తువ్వాలు లాగేసే జవాను కాదు సార్.
తన చెయ్యీ దాని కిందకి పోవడం.
మధ్యలో మా తాత లేకపోవడం.
ఆ కుర్రాడు రాసింది ఆ రెండే.

బెల్లు కొట్టారు.
గుమాస్తా రిజిస్టరు తిప్పాడు,
పేరు, ఊరు, ఆధార్, ఫోను, ఇక్కడ సంతకం.
గోప్యత కావాలని చెప్పడానికొచ్చి
అన్నీ రాసిచ్చాను, అలవాటున.

మెట్లు దిగుతుంటే సెల్‌ఫోను మోగింది:
మీరు కలెక్టరాఫీసుకి వెళ్ళారు కదా,
మీ అనుభవానికి అయిదులో ఎన్ని చుక్కలు?

బయట ఎండ. ఆటోవాడు ఎక్కడికని అడుగుతున్నాడు.
ఎడమ చేతిని కొంగు కిందకి తెచ్చుకుని
అరచేతిలో
గోటితో ఒక గీత గీసుకున్నాను.