వజ్రాల చేన్లో

రోహిణి పోతా పోతా ఒక దెబ్బ వాన కురిస్తే చాలు,
జొన్నగిరి చేలల్లో జనమంతా తలలు వంచుకుంటారు.
గుత్తి నుంచి, బళ్లారి నుంచి, యాడాడి నుంచో వచ్చి
నెత్తిన టార్పాలిన్లు కప్పుకొని
ఎర్రమట్టిలో మెరిసే రాయి కోసం
అడుగు తీసి అడుగేస్తుంటారు.
ఆ ఏడు నేనూ వంచినాను తల,
డిగ్రీలో వృక్షశాస్త్రం తప్పి
అప్పుల్లో మాత్రం ఫస్టు క్లాసు వచ్చినవాణ్ణి.

నా ముందర ఒక ముసలామె. ఉలిగమ్మ.
అందరికంటే ఎక్కువ వంగింది,
చూపు మాత్రం రాళ్ల మీద లేదు.
"ఏమవ్వా, దొరికిందా?"
"నిన్న రాత్రి ఉరిమింది గదప్పా. ఈపొద్దు పుడతాయి."
రాళ్లు పుడతాయా అని నవ్వినాను.

గట్టు పక్కన చెదలపుట్ట.
దాని అంచున మట్టి నెర్రెలిచ్చింది,
నెర్రెలో బూడిదరంగు బుడిపె,
పసిబిడ్డ మాడంత మెత్తగా.
"లాగొద్దు! తోకుంటాది దానికి.
ఇల్లు కిందుంది."
రెండు వేళ్లతో మట్టి తోడి తోడి
మూరెడు తెల్లటి తోకతో సహా పైకి తీసింది.

నాకు పరీక్ష కాగితం గుర్తొచ్చింది.
'శిలీంధ్రాలు పచ్చదనం లేని మొక్కలు' అని రాస్తే
మేడం ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసింది.
అవ్వ ఆ ముక్కే ఇంకో మాదిరి చెప్పింది:
"ఇది చెట్టెట్లయితాదిరా? ఎండను తినదు.
మనమాదిరే, ఒకరు వండింది తింటాది."

మనం మింగి అరిగించుకుంటాం.
అది అరిగించి మింగుతుంది.
ఎండిన మోడులోకి, రాలిన ఆకులోకి, పేడకడిలోకి
వెంట్రుక కన్నా సన్నని దారాలు చాచి
కడుపునే బయట పరుచుకొని కూచుంటుంది.
అది లేకుంటే ఈ చేలల్లో
చచ్చిన కట్టె కట్టెగానే ఉండిపోను,
నేల కనపడకుండా.

పుట్టలోపల చెదలు సేద్యం చేస్తాయి.
ఎండుగడ్డి కొరికి తెచ్చి, నమిలి, మడికట్టి
చీకట్లో బూజును పండిస్తాయి.
విత్తనాలకు క్యూ లేదు, బోరు లేదు,
మా మీద మబ్బు దాటిపోయిన ఏళ్లల్లోనూ
దాని కింద పంట పండింది.
మనం గొడుగంటున్నది ఆ పంటకు పూసిన పూత.
అసలుది ఎవరి కంటా పడదు.

"మంచిదేనా అవ్వా, ఇది?"
ఆమె ఒడి సర్దుకుంటా కొంచేపు మాట్లాడలేదు.
మూడేళ్ల కింద ఆమె బుడ్డల చేన్లో
మొదళ్లకు తెల్ల నూలు చుట్టుకొని
ఆవగింజలంత గుండ్లు కట్టి
రెండెకరాలు వారంలో పండుకుందంట.
"అదీ దీని దాయాదే.
దాయాదుల మీద కోపంతో కూడు మానుకుంటామా?"
ఆ గట్టు మీది వేపచెట్టును చూపించింది.
దాని వేరు పట్టని సందులోకి దారం దూరి
తడి మోసుకొస్తుందని, బదులుగా చెట్టు తీపి పంచుతుందని
నేను చదివిందే. చదివి తప్పిందే.
ఆమెకు చెప్పినాను. "అట్లనా" అనింది,
పొరుగింటి సంగతి విన్నట్టు.

మధ్యాహ్నం తూర్పు చేన్లో కేక:
దొరికింది! దొరికింది!
టార్పాలిన్లన్నీ అటు పరిగెత్తినాయి.
ఎవరి కాలో పడి ఒక బుడిపె నలిగింది.
ఉలిగమ్మ లేవలేదు.
విచ్చి ముదిరిన గొడుగొకటి ఉంటే
దాన్ని తుంచకుండా వదిలింది.
"అది విత్తు. గాలిది."
ఇంకొకటి, పుట్టకు దూరంగా ఒంటరిగా ఉన్నదాన్ని
చూసి కూడా ముట్టలేదు. "కుక్కగొడుగేమో.
అనుమానమొస్తే ఆకలైనా వద్దు."

దొరికింది పలుగురాయంట.
జనం మళ్లీ తలలు వంచుకున్నారు.

ఇంటికి పోతా నా చేతిలో మూడు పెట్టింది,
జొన్నరొట్టెలోకి చాలు అని.
వజ్రం చేతికొస్తే చల్లగుంటుందని
ఆ ఊర్లో ప్రతివాడూ చెప్తాడు, చూసినట్టే.
నాకు తెలీదు.
ఆ తోక మాత్రం వెచ్చగా ఉండింది.