టెస్టు మేకు

సామిల్లు ఏలుమలై దాన్ని దుప్పట్లో చుట్టి తెచ్చినాడు,
జొరమొచ్చిన బిడ్డను ఆసుపత్రికి తెచ్చినట్టు.
చిత్తూరు గ్రీమ్స్‌పేటలో నా అంగడి.
అంగడంటే, గోడకూ కాలవకూ మధ్య
ఒక బల్ల, ఒక స్టూలు, పైన రేకు.

"మేడమ్మా, ఇది నోరు మూసుకొని రెండు నెల్లు.
మొన్న వేపమొద్దులో లాడం ముక్క తగిలి
రంపానికి పదారు పళ్లు రాలిపొయ్యె.
కొత్తది కొనమంటే సాయిబు
నా మొకం చూస్తాడు, దీని మొకం చూస్తాడు,
మీరిద్దరూ ఒకే ఏడు చేరినార్రా అంటాడు."

ఆకుపచ్చ ఇనప పెట్టె.
ఏ ఊర్లో పుట్టిందో రాసిన అక్షరాల్ని
నలభై ఏండ్ల అరచేతులు తుడిచేసినాయి.
గుండ్రటి కాయిలుకు
ఎవరో పాత చీర అంచు చుట్టినారు.
మూత తీస్తే
బ్యాటరీలు ఎప్పుడో కార్చిన చిలుం,
నెమలి మెడ రంగులో.
కాలు విరిగిన కండెన్సరు.
ఎండిన బల్లిపిల్ల, కాయితమంత పలచన.

దీని లోపల రెండు గొంతులుంటాయి.
ఒకటి పెట్టెలోనే కూర్చొని
ఎప్పుడూ ఒకే శ్రుతి పట్టుకుంటాది.
రెండోది కాయిలులో, మొద్దుల మీద తిరగతా ఉంటాది.
నాబు తిప్పి తిప్పి రెండింటినీ కలిపితే
పాట రాదు,
నిశ్శబ్దం వస్తాది.
ఆ నిశ్శబ్దానికే మేము బాగయిందంటాం.
ఇనుము దగ్గరికొస్తే
తిరిగే గొంతు వణుకుతాది.
ఆ తేడానే కూత.

మూడు రాత్రులు పట్టింది.
కొత్త ట్రాన్సిస్టరు వేస్తే బతికింది గానీ
పెద్ద కోడలి మాదిరి ప్రతిదానికీ అరిచింది,
నా గాజులకీ, స్టూలు మేకులకీ, పక్కింటి బిందెకీ.
దాన్ని పీకేసి
మూలన పడున్న పంచాయితీ రేడియో కడుపులోంచి
పాత జర్మేనియం ఒకటి తీసి అతికినాను.
రోజనం పొగ కళ్లలోకి పోయింది.
హెడ్‌ఫోన్లో మొదట గువ్వ మూలిగినట్టు,
తర్వాత దూరంగా బోరింగు కొట్టినట్టు,
తర్వాత ఏమీ లేదు.
ఆ ఏమీ లేకపోవడాన్ని
కాసేపు కళ్లు మూసుకొని విన్నాను.

మురకంబట్టు సామిల్లులో
కోతకు ఎత్తిన చింతమొద్దు,
జీడీ నెల్లూరు రోడ్డు వెడల్పులో పడింది.
కాయిలు దాని మీద నడిపించినాను.
మొదట్లో లేదు, నడుమ లేదు,
చేవ దగ్గర
చెవులు చిల్లులు పడేటట్టు కూసింది.

ఉలి పెట్టి నాలుగేళ్ల లోతు తొలిస్తే
నాలుగు పలకల మేకు, కమ్మరి కొట్టింది.
దానికి ముడేసి
వేలెడు వెంట్రుకలు,
చెట్టు మింగినా అరగనివి.

ఏలుమలై రెండడుగులు వెనక్కేసినాడు.
"దయ్యాన్ని కట్టిన మేకమ్మా అది.
పెరికితే వదిలిపోతాది."
రంపం ఆపేసినారు.
సాయిబు లెక్కల పుస్తకం మూసి నా వైపు చూసినాడు.

ఏ ఇంటి మనిషో.
నడిరేత్రి లేచి నవ్విందో,
మూడు దినాలు అన్నం ముట్టలేదో,
అత్త ఎదుట కూర్చొని లేవనే లేదో.
ఇల్లంతా ఒక శ్రుతిలో ఉన్నప్పుడు
ఈమె గొంతు రవ్వంత జరిగుంటాది.
జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి
చెట్టుకేసి
సుత్తితో.

నేను మేకును కొంగులో వేసుకొని వచ్చేసినాను.
ఎవరూ అడ్డం రాలేదు.

ఇప్పుడది నా బల్ల సొరుగులో, బిస్కెట్టు డబ్బాలో.
సినిమా హాలు వాళ్ల చేతికర్ర వచ్చినా,
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ యంత్రం వచ్చినా,
నిధులు తవ్వే పిచ్చోడు రాత్రి పూట తెచ్చినా,
రిపేరయినాక దీని మీదే పరీక్ష.
మేకుకు ప్రతి యంత్రమూ పలుకుతాది.
వెంట్రుకలకు
ఏ ఒక్కటీ పలకదు.
ఎన్ని మార్లు తిప్పినానో నాబు.

ఏలుమలై నాకు ఇంకా యాభై బాకీ.
అడిగితే,
"మేకు తీసుకపోతివి గదమ్మా" అంటాడు.