స పోయినంక

ముందుగాల స పోయింది.
ఎన్నడు పోయిందో తెల్వది.
చెప్పి పోనీకి దానికి గొంతు ఉంటే గదా,
ఉత్త గాలి.

పక్కింటోళ్ళు నా భార్యను పిలిస్తే
సుశీల అన్న పేర్ల పండ్లు ఊడి
ఉ... ఈల, అని వచ్చేది.
ఈల.
కుక్కర్ ఈల ఇనవడక పప్పు మాడిన దినం
నేను కుక్కర్‌నే తిట్టిన.

అటెన్క శ, చ, త,
పోగులు తెగినట్టు తెగినయి.
సాంచ మీద తెగిన పోగు కండ్లకు కనవడ్తది, ముడెయ్యొచ్చు.
ఇవి కనవడలే.

సిరిసిల్ల షెడ్డుల ముప్పయొక్కేండ్లు
ఎనిమిది సాంచాల నడుమ నిలవడ్డ.
ఆడ అందరం చెవిటోళ్ళమే,
గందుకే ఎవ్వలం కాదు.
రెండేళ్ళు చూపిస్తే కండె అయిపోయిందని,
వేలు పెదవికి ఆనిస్తే బీడీకి పోదమని,
వీపు మీద చరిస్తే సేటు వస్తుండని.
వాళ్ళ బర్రె తప్పిపోయి వేములవాడల ఎట్ల దొరికిందో
లింబాద్రి ఆ సప్పుడులనే మొత్తం చెప్పిండు.
ఒక్క మాట ఇనలే.
కండ్లల్ల నీళ్ళొచ్చేదాక నవ్వినం ఇద్దరం.

బయట, హోటల్ కాడ, అదే లింబాద్రి
మూతి కదుపుతడు, మీసం అడ్డమొస్తది.
అందరు నవ్వినప్పుడు నేను గూడ నవ్వేది.
ఒకనాడు నేనొక్కన్నే నవ్విన.
అది ఆయన తమ్ముడు సచ్చిపోయిన ముచ్చట.
మళ్ళ ఆ హోటల్ మెట్టు ఎక్కలే.

ఇంట్ల సుశీల బీడీల చాట ముందటేసుకొని
చాయ్ తాగుతవా, అంటది.
నాకు, ఆగుతవా, అని వస్తది.
ఆగుత.
చెప్పులు తొడుక్కొని గడప కాడ ఆగుత.
లోపట చాయ్ మీద మీగడ కడ్తది.
ఆమె మూతి ముడుచుకొని పారవోస్తది,
ఏం తప్పు జేసిన్నో నాకు ఎర్కలేదు.

ఆఁ.
గిదొక్కటే మిగిలింది నా దగ్గర.
అల్లుడు అడిగినా ఆఁ, కరెంటు బిల్లు పిలగాడు అడిగినా ఆఁ.
పొద్దుగాల ఒకటి, పొద్దూకినంక సగం, అన్నది డాక్టరమ్మ.
నాకు పొద్దు ఇనవడ్డది.
ఏ పొద్దని అడుగుతే చెవిటోడంటరు.
ఆఁ అన్న.
బీపీ గోలీలు ఒక్క పొద్దే మింగిన, పదిహేను దినాలు.
తలకాయ తిరిగి మోరీల పడితే
ముంజేయి విరిగింది.
కల్లు తాగిండు, అన్నరు గల్లీల.
అది మాత్రం సక్కగ ఇనవడ్డది.

మాట్లాడక మాట్లాడక
మనుషుల పేర్లు గూడ నాతోని మాట్లాడుడు బంజేసినయి.
దినమంత గోడ దిక్కు పండుడు.
రాత్రి నిద్ర రాదు.

కరీంనగర్ల అద్దాల డబ్బల కూసోవెట్టి
సప్పుడైతే మీట నొక్కుమని
కాయితం మీద రాసి చూపెట్టింది ఓ పిల్ల.
నొక్కిన.
నొక్కిన, నొక్కుతనే ఉన్న.
అద్దం అవతల ఆ పిల్ల చేతులు రెండు ఒడిలనే ఉన్నయి.
ఇంకా మొదలువెట్టలేదట.
నా తలకాయల
ఎనిమిది సాంచాలు నడుస్తున్నయి.

మిషన్ తెచ్చుకొని నెలయింది.
పెట్టుకుంటే ఫ్యాను, నల్లా, పక్కింటి టీవీ
ఒక్కసారే మీద వడ్తయి.
పూటకు గంట పెట్టుకుంట, తీసేస్త.
నిన్న సుశీల తునికాకు కత్తిరిస్తుంటే
కత్తెర స, స, స, అన్నది.
అది మూగదనుకున్న ఇన్నేండ్లు.

ఇయ్యాల మిషన్ డబ్బలనే ఉంది.
ఆమె ఏందో అన్నది.
ఆఁ, నాలిక మీదికి రానే వచ్చింది.
మింగిన.
ఏమన్నవ్, మళ్ళొక్కసారి అను, అన్న.

కత్తెర చాటల వెట్టి
నా దిక్కు జరిగింది,
మొగం కిటికి వెలుగుకు తిప్పి.