మూడు చుట్టల టేపు

పదకొండేళ్ళుగా ఈ మోకాలు నాకు తెలుసు,
దాన్ని మోసే మనిషి కంటే బాగా తెలుసు.
మొదటి ఏడు అర చుట్ట సరిపోయేది,
అదీ దిష్టితాడులా, అలవాటుకి.
ఇప్పుడు మూడు చుట్టలు.
అతని ధర దిగుతున్నకొద్దీ
నా టేపు ఖర్చు ఎక్కుతోంది.
లెక్కలు రాసే బ్రెండా ఈ రెండు కాగితాల్నీ
ఎన్నడూ పక్కపక్కన పెట్టి చూడలేదు, నయం.

డీన్ ఓల్‌రాయిడ్. పదమూడో నంబరు చొక్కా.
కాగితం మీద ముప్పై మూడు,
గురువారం వస్తే ముప్పై నాలుగు.
"ఈలోపే సంతకం పెట్టించేద్దాం" అని
ఏజెంటు ఫోన్లో నవ్వాడట.
చెబుతూ డీన్ నవ్వలేదు.
కాలు మాత్రం నా ఒళ్ళో
నిద్రపోయిన పిల్లాడిలా బరువుగా ఉంది.

ఫ్రాన్సు నుంచి ఒక క్లబ్బు అడిగింది.
ఎండ బాగా కాస్తుందట, సముద్రం దగ్గరట.
పేరు అడిగే ముందే మోకాలి స్కాను పంపమన్నారు.
కంబ్రియా నుంచి ఇంకొకరు:
ఆడిన ఆటకి ఆడినంత,
వారం మధ్యలో టైర్ల కొట్లో పని.
మనవాళ్ళు "చూద్దాం" అన్నారు.
ఆ మాటని చలికాలం మొత్తం నానబెట్టారు.
ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు గానీ
కాకి వాలేది పుండు మీదే.

మంగళవారాలు కీరన్ అనే పంతొమ్మిదేళ్ళ వాణ్ణి
బురదలో నిలబెట్టి నేర్పుతున్నాడు:
భుజం కిందికి, తల పక్కకి,
కళ్ళు మూసుకోకు, అందరూ మూసుకుంటారు.
వాడూ పదమూడే ఆడతాడు.
తన విస్తరిలో అన్నం తనే తీసి
వాడికి వడ్డిస్తున్నట్టుంది చూస్తుంటే.
"నీకు బాధ లేదా?" అన్నాను.
"కుడి భుజం సరిగ్గా పెట్టడం లేదు వాడు" అన్నాడు.

ఎంత, ఎంత అంటారు.
ఆ ఫైనల్లో, ఆఖరి నిమిషంలో,
మూల గీతకి జానెడు దూరంలో
రెక్కలొచ్చినట్టు పోతున్నవాణ్ణి పడగొట్టినప్పుడు
ఊడిన పన్ను నా తువ్వాల్లో దొరికింది.
ఇంకా ఉంది, అగ్గిపెట్టెలో. దానికెంత?
వరుసలో అతని గొంతు వినబడితే
కుర్రాళ్ళు తిన్నగా నిలబడతారు;
గొంతుని ఏ రాయి వేసి తూస్తారు?
అలాగని అబద్ధమాడను.
మొన్న శుక్రవారం ఒకడు అతని పక్కనుంచి పోయాడు,
తెరిచిన తలుపులోంచి పోయినట్టు.
స్టాండులో ఎవరూ తిట్టలేదు.
అది తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

అతని సంచిలో ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది.
తాతది. గనిలోకి దిగేటప్పుడు తీసుకెళ్ళి
పైకొచ్చాక కొక్కేనికి తగిలించాలి;
కొక్కెం బోసిగా ఉంటే మనిషి ఇంకా కింద ఉన్నట్టు.
గని మూసిన రోజు ఆ ముసలాయన
బిళ్ళ తిరిగివ్వకుండా జేబులో వేసుకొచ్చాడు.
లెక్క ప్రకారం ఆయన ఇంకా కిందే ఉన్నాడు.
ఆ బొగ్గు గుట్ట మీద ఇప్పుడు గడ్డి,
జనం కుక్కల్ని తిప్పుతారు.

చివరి పొర చుట్టి, వేలితో నొక్కి,
కత్తెర పెట్టాను.
"వచ్చే ఏటికి టేపు తెప్పిస్తున్నావా?" అన్నాడు,
బూటు తాళ్ళ వైపు చూస్తూ.
"ఆర్డరు కాగితం వచ్చింది" అన్నాను.

అతను లేచాడు. రెండు అడుగులు కుంటాడు,
మూడో అడుగు నుంచి కుంటడు,
సొరంగం దాటాక అసలే కుంటడు.
బయట అరుపులు.
నా ముందు కాగితం, ఎన్ని చుట్టలన్న గడి దగ్గర
పెన్సిలు పెట్టి కూచున్నాను.
ఒక అంకె వేశాను.
చెరిపేశాను.
ములుకు విరిగింది; చెక్కుకుంటున్నాను.