రెండు వందల యాభై

తోర్షావ్‌న్ రేవులో ఈ రాత్రి గాలి
పడవల తాళ్ళను పళ్ళతో కొరుకుతోంది.
నేలమాళిగలో నేనూ, ఆరు సర్వర్లూ,
చల్లారిన కాఫీ.

పదకొండు గంటలకి చూశాను, క్యూలో ఒక ఉత్తరం.
నాలుగు రోజుల పందొమ్మిది గంటలుగా అక్కడే.
పంపింది: సున్వా, రొట్టెల కొట్టు.
చేరాల్సింది: హెర్గైర్, వంటవాడు,
బారెంట్స్ సముద్రంలో ఎక్కడో వలలు లాగుతున్న ఓడ.
బరువు: పందొమ్మిది వందల బైట్లు.
అంటే బొమ్మల్లేవు, బిల్లుల్లేవు.
మాటలే. అవీ తక్కువే.

మీట నొక్కగానే ఉత్తరం ఎగిరిపోతుందనుకుంటారు.
ఎగరదు. నడుస్తుంది.
గడప గడపకీ ఆగి, పేరు చెప్పుకొని,
ఫలానా వారి నుంచి, ఫలానా వారికి,
తీసుకుంటారా అని అడుగుతుంది.
అవతలి సర్వర్ ముందు డిస్కు మీద రాసుకుంటుంది,
ఆ తర్వాతే అంటుంది: రెండు వందల యాభై.
ఆ అంకెకి మా పనిలో అర్థం
ఇక ఇది నా పూచీ అని.
ఆ మాట వినేదాకా
ఇవతలివాడు తన ప్రతిని చెరపకూడదు.
పెళ్ళిళ్ళలో కూడా ఇంత గట్టి ప్రమాణం వినలేదు;
రెండుసార్లు చేసుకున్నదాన్ని, చెబుతున్నాను.

కొన్ని గడపలు కొత్త ముఖాన్ని చూసి
ఇప్పుడు కాదు, కాసేపాగి రా అంటాయి.
దొంగ ఉత్తరాలకి ఓపిక ఉండదు, మళ్ళీ రావు.
నిజమైనది వస్తుంది.
పావుగంటకి, అరగంటకి, రెండు గంటలకి
తట్టే చప్పుళ్ళ మధ్య ఎడం పెరుగుతుందే గానీ
తట్టడం మానదు.

ఆ ఓడకి ఆకాశంలో ఒక్కటే దారి.
ఉపగ్రహం పళ్ళెం మీద మంచు గడ్డకట్టిందో,
ఖర్చని కెప్టెన్ కట్టేశాడో,
చిట్టాలో ఒకే వాక్యం ముప్పై ఎనిమిది సార్లు:
జవాబు లేదు, మళ్ళీ ప్రయత్నిస్తాను.

అయిదు రోజులు నిండితే
ఉత్తరం వెనక్కి పోవాలని నియమం.
ఆ తిరుగుటపా మీద పంపినవారి చోటు ఖాళీ.
పేరుంటే, అదీ చేరకపోతే,
దానికో తిరుగుటపా, దానికింకొకటి,
ఇద్దరు మొండివాళ్ళ పోట్లాటలా తెల్లారదు.
చెడ్డకబురు మోసేవాడికి పేరుండకూడదని
ఎవరో ముందే ఆలోచించారు.

తెరిచి చూడొచ్చు. తాళం లేదు, ఒక్క ఆజ్ఞ చాలు.
వేళ్ళు కీబోర్డు దాకా వెళ్ళిన మాట నిజం.
క్షమించమనా, డబ్బు పంపమనా,
పిల్లి ఈనిందనా?

చదవలేదు.
గడువు దగ్గరున్న అయిదుని మాత్రం చెరిపి
ఏడు చేశాను.
మా పై అధికారి ఐఫిన్ పొద్దున అడుగుతాడు.
అడగనీ.

నాలుగూ పదకొండుకి చిట్టా కదిలింది.
పాత గడువు దాటి పదకొండు నిమిషాలు.
ఎవరో పళ్ళెం మీద మంచు కొట్టేసి ఉంటారు,
ఏమో, వంటగది గరిటెతోనేనేమో.
ఓడ పలకరించింది. మా సర్వర్ పేరు చెప్పుకుంది.
ఉత్తరం సాగింది.
చివరి వరసలో ఒంటరిగా ఒక చుక్క,
మాట అయిపోయిందనడానికి గుర్తు.
ఒక్క క్షణం ఏమీ లేదు.
రెండు వందల యాభై.
మా ప్రతి చెరిగిపోయింది.

ఎనిమిదింటికి రొట్టె కోసం వరసలో నిలబడ్డాను.
సున్వా కళ్ళ కింద అయిదు రాత్రుల నలుపు.
ఈ ఊళ్ళో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు.
నా నోట్లో నానాలి; జీతం దానికే.
చిల్లర లెక్కపెడుతూ అడిగింది,
"రాత్రంతా పనేనా?"
అందింది అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.
"గాలి తగ్గింది" అన్నాను.

ఆమె కిటికీలోంచి చూసింది.
రేవు మీద జెండా చిరిగేలా కొట్టుకుంటోంది.
మళ్ళీ నా వైపు చూసింది, చాలాసేపు.
ఏమీ అనకుండా నా సంచిలో
నేనడగని ఇంకో రొట్టె వేసింది.