తువాలు కింద వేళ్లు

రాత్రి రెండున్నర.
తిరుపతిలో, మా ల్యాబ్ చీకటి గదిలో
మైక్రోస్కోపూ నేనూ చల్లారిన టీ.
తెర మీద ఒక కణం, దాని కేంద్రకం.
పులుసు మీద నూనె బొట్లలా
పచ్చటి చుక్కలు
ఒకదాన్నొకటి తాకి ఒకటైపోతున్నాయి.

గోడ లేదు, పొర లేదు.
ఎవరు నువ్వని అడిగే వాచ్‌మెన్ లేడు.
అయినా ఇది లోపల. అది బయట.

ఎక్కడో చూశానే దీన్ని, అనుకుంటే
దామలచెరువు గుర్తొచ్చింది.

మే నెల, తెల్లారని మండీ.
బేనీషా కుప్ప చుట్టూ మూగుతారు
మద్రాసు సేటు, జ్యూస్ ఫ్యాక్టరీ మేనేజరు,
తోటలు గుత్తకు పట్టిన దొరవేలు.
తువాలు కింద వేలికి వేలు తగులుతుంది,
నొక్కుతుంది, వదిలేస్తుంది.
ఒక రూపమంటూ లేని ప్రొటీన్ తోకలూ అంతే,
పట్టీ పట్టనట్టు
వెయ్యి చోట్ల పట్టుకుంటాయి.

గుంపు నడుమ గుమస్తా మునిరత్నం
చెవి మీది పెన్సిలు తీసి
చీటీ రాస్తాడు.

జన్యువు దగ్గర బొట్టు కూడాకే
ఇక్కడా రాత మొదలు.
ముందు పొట్టి చీటీ, ఆర్‌ఎన్‌ఏ ముక్క.
దాన్ని చూసి ఇంకొందరు చేరతారు.
రాత ఊపందుకుంటుంది.
తర్వాత, ఇది మొదట నాకు నమ్మబుద్ధి కాలేదు,
చీటీలు పొడుగై, పోగై
ఆ రాతే గుంపుని చెదరగొడుతుంది.

"సరుకు అమ్ముడుబొయినాక
ఈడ ఎవుడుంటాడు మే?"
అనేవాడు మునిరత్నం.
తొమ్మిదికి పోతే నలిగిన ఎండుగడ్డి,
సొన మరకలు, ఒక ఆవు.

నిన్న హైమవతి మేడమ్ అడిగింది:
గుంపు కూడితే బేరమా,
బేరముందని గుంపా?

వీడియో వెనక్కి తిప్పాను.
బొట్టు వచ్చింది. రాత వచ్చింది.
మధ్యలో పదిహేను సెకన్లు
ఏ పేరూ పెట్టలేని ఖాళీ.

బొట్లని కరిగించే మందు ఒక చుక్క వేశాను.
మండీ మీద వాన పడ్డట్టు
అన్నీ చెదిరాయి, రాతా ఆగింది.
కానీ వాన పడితే
ఆగేది బేరమొక్కటేనా?
లారీ ఆగదా, తక్కెడ ఆగదా,
టీ అంగడి పొయ్యి ఆరిపోదా?

ఆ వేళ్ల లెక్క నేర్పమని
పదేళ్లప్పుడు మునిరత్నాన్ని అడిగాను.
ఆడబిడ్డకి ఎందుకులే, అని
ఒక కాయ చేతిలో పెట్టి పంపించాడు.

నోట్‌బుక్కులో తేదీ వేశాను.
ఇన్ని లక్షల లెన్సులు పెట్టుకుని
ఇప్పుడూ నేను చూస్తున్నది
తువాలు కదలడమే.