కాటా

బారువ రేవులో, చేపల కాటా పక్కన కూర్చుని
ఓడల్లో వంటచేసి తిరిగొచ్చిన సూరాడ గవరయ్య
రెండు గొంతుల్ని తూస్తుంటాడు.

ఐసు ఫ్యాక్టరీ తీగ మీది నల్లంచి
మూడు తులాలు తూగదు.
తెల్లారకుండానే వీధంతా నాదేనంటుంది.

రెండోది, దక్షిణాన ఎక్కడో రాతిదీవి మీద
తడిబొచ్చు ఆరబెట్టుకునే తల్లి సీలు.
బస్తాడు ఒళ్ళు. నోరు తెరిస్తే
పాత డీజిలు మోటారు దగ్గినట్టే.

"మరి దాని పాటేది తాతా?"

"పాటేటి ఒలే!
సేపలకెళ్ళి వారం పోయాక వొస్తాది.
వెయ్యి పిల్లలు ఒక్కపాలే ఏడుస్తుంటే
తన పిల్ల కూతకాడికి తిన్నగా ఎల్లిపోతాది.
పిట్ట పాడతాది. ఇది ఇంటాది."

పొద్దు వాలింది.
పడవలింకా కనబడలేదు,
నలభై ఇంజన్ల మోత మాత్రం కలగాపులగంగా.

కారమ్మ గంప దులిపి
లేచి నడిచింది, ఉత్తరం వైపుకి.